ఈఏపీసెట్ ల 14 వేల ర్యాంక్, బీసీ-డి. ఫీజు రీయింబర్స్‌మెంట్ నిజంగా ఎంత వస్తది?

నర్సంపేట_అక్క

అందరికి నమస్తే. మాది నర్సంపేట అవతల ఊరు. తమ్మునికి ఈఏపీసెట్ ల 14 వేల చిల్లర ర్యాంక్ వచ్చింది, బీసీ-డి. బాపు రెండెకరాలు మిర్చి పెడ్తడు, ఇంకో రెండు కౌలుకు పట్టి పత్తి. నాకు డిగ్రీ అయింది, హన్మకొండల ఒక షాపుల బిల్లింగ్ చేస్తున్న. చెల్లె ఈ యేడే గవర్నమెంట్ పాలిటెక్నిక్ ల చేరింది.

ఇగ అసలు సంగతి ఏందంటే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. ఊర్ల పెద్దమనిషి ఒకాయన "బీసీలకు మొత్తం గవర్నమెంటే కడ్తది, మీరు ఒక్క రూపాయి తీసే పనిలేదు" అంటడు. కాలేజికి పోయి అడిగితే కౌంటర్ ల మేడం "ముందుగాల మీరు మొత్తం కట్టుండ్రి, గవర్నమెంట్ పైసలు పడ్డంక రిటర్న్ ఇస్తం" అన్నది. ఇగ కన్సల్టెన్సీ అని ఒకాయన రోజు ఫోన్, "కన్వీనర్ కోటాల మీకు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రాదు, నేను మేనేజ్‌మెంట్ ల ఇప్పిస్త, స్కాలర్‌షిప్ కూడ నేనే చేపిస్త" అని. ఈ మూడు మాటలల్ల ఏది నిజమో మాకు సమజ్ అయితలేదు.

బాపు అయితే ఈ తిప్పలంత ఎందుకని, తెలిసిన షావుకారి దగ్గర రెండు రూపాయల మిత్తికి 3 లక్షలు ఒకటేసారి తెస్త అంటుండు. నేను ఆగమన్న. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు మాకు లెక్క తెల్వాలె. మేం చూస్తున్న కాలేజి ఫీజు యేడాదికి 1 లక్షా 10 వేలు, ఇంకోటి 70 వేలు ఉన్నది గని అది జర చిన్న కాలేజి. ఎవరన్న తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

మీసేవ_పక్క_నెట్_సెంటర్

అక్కా ముందు కన్సల్టెన్సీ ఆయన నంబర్ బ్లాక్ చెయ్. మేనేజ్‌మెంట్ కోటా అంటే బి కేటగిరీ, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేనే లేదు, ఆయన కాదు ఎవ్వలు చేపిచ్చినా రాదు. స్పాట్ అడ్మిషన్ కి కూడ రాదు. కన్వీనర్ కౌన్సెలింగ్ ల అలాట్ అయిన సీటుకే వస్తది.

ఇగ ఎంత వస్తది అంటే, బీసీలకు ఇంజనీరింగ్ ల ఈఏపీసెట్ ర్యాంక్ 10 వేల లోపు ఉంటే కాలేజి ఫీజు ఎంతున్నా మొత్తం, 10 వేలు దాటితే యేడాదికి 35 వేలే. ఓసీల ఈబీసీ, అంటే ఆదాయం తక్కువున్న పిల్లలకు కూడ ఇదే లెక్క. ఎస్సీ ఎస్టీలకు ర్యాంక్ తోని పనిలేదు, మొత్తం ఇస్తరు. మీ ఊరు పెద్దమనిషి ఎవరిదో ఎస్సీ పిల్లగానిదో లేకపోతే 10 వేల లోపు వచ్చినోనిదో చూసి అందరికి అంతే అనుకున్నడు. మీ తమ్మునికి 35 వేలు. అంటే 1 లక్షా 10 వేల కాలేజిల 75 వేలు మీ చేతిలకెళ్ళి పోతయ్, ప్రతి యేడు. 70 వేల కాలేజిల అయితే 35 వేలు.

ఆదాయం బీసీలకు ఊర్లల్ల ఉంటే 1 లక్షా 50 వేలు దాటొద్దు, టౌన్ ల ఉంటే 2 లక్షలు. తహసీల్దార్ ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ కొత్తది కావాలె, పోయిన యేడు చెల్లెకు తీసింది ఉన్నది కదా అని అదే పట్కపోకుండ్రి. కౌన్సెలింగ్ ల సర్టిఫికెట్ వెరిఫికేషన్ అప్పుడే ఇన్‌కమ్, క్యాస్ట్ రెండు ఎక్కాలె, అప్పుడు ఎక్కకపోతే అలాట్‌మెంట్ ఆర్డర్ మీద ఫీజు మొత్తం కట్టమని వస్తది, మళ్ళ దాన్ని సరిచేపిచ్చుడు పెద్ద లొల్లి.

ఇంకోటి, నా దగ్గరికి వచ్చే వాటిల్ల సగం ఆగేది పేరు కాడ్నే. టెన్త్ మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంటది, ఆధార్ ల ఒక్క అక్షరం ఉంటది, ఇగ ఈపాస్ ల, అంటే స్కాలర్‌షిప్ పెట్టే గవర్నమెంట్ వెబ్‌సైట్ ల, అప్లికేషన్ ముందుకు పోదు. ఇప్పుడే ఆధార్ కరెక్షన్ కి పంపు. అట్లనే తమ్ముని పేరు మీద బ్యాంక్ ఖాతా ఉంటే చాలదు, డబ్బులు పడేటందుకు ఆధార్ తోని ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కావాలె, బ్యాంకోళ్ళు "ఆధార్ లింక్ అయింది" అంటరు గని అది కేవైసీ కోసం చేసింది, ఇది వేరే, డీబీటీకి, అంటే గవర్నమెంట్ పైసలు నేరుగ ఖాతాల పడేటందుకు, మ్యాపింగ్ చెయ్యమని అడిగి ఫారం నింపియ్యాలె.

ఈసీఈ_మూడో_యేడు

నేను వరంగల్ లనే చదువుతున్న అక్కా, నాదీ మీ తమ్మునిలెక్కనే, బీసీ, 10 వేలు దాటిన ర్యాంక్. పైన అన్న చెప్పింది కరెక్ట్. లోపల ఎట్లుంటదో నేను చెప్త.

రీయింబర్స్‌మెంట్ రెండు ముక్కలు. ట్యూషన్ ఫీజుది ఆర్‌టీఎఫ్ అంటరు, అది కాలేజి ఖాతాకు పోతది. మెయింటెనెన్స్ ది ఎంటీఎఫ్, అది మన ఖాతాల పడ్తది, హాస్టల్ ల ఉండేటోళ్ళకు జర ఎక్కువ, ఇంటి నుంచి తిరిగేటోళ్ళకు తక్కువ. రెండు కూడ టైముకు రావు. గవర్నమెంట్ బకాయిలు పెరిగి పెరిగి 2025 నవంబర్ ల ప్రైవేట్ కాలేజీలు బందే పెట్టినయ్ యాదికున్నది కదా. గవర్నమెంట్ ఇయ్యకపోతే కాలేజోళ్ళు మన మీద పడ్తరు, ఎగ్జామ్ ఫీజు కట్టే టైముకు "డ్యూ ఉన్నది" అంటరు. మా క్లాస్ ల ఒకడు సెమ్ ఎగ్జామ్ ముందు 35 వేలు అప్పటికప్పుడు తెచ్చి కట్టిండు, ఆ రీయింబర్స్‌మెంట్ పడ్డంక రిటర్న్ కోసం ఆఫీస్ చుట్టు తిరుగుతనే ఉన్నడు.

అందుకే కౌంటర్ ల మేడం చెప్పింది అబద్ధం అనలేం గని, దానికి ఒప్పుకోవద్దు. కన్వీనర్ సీటు, ఈపాస్ ఎలిజిబుల్ అని అలాట్‌మెంట్ ఆర్డర్ మీదనే ఉంటది, కట్టాల్సింది ఎంతో గదే కాయితం మీద ఉంటది, గది మాత్రమే కడ్తం అనాలె. 35 వేలు కూడ మీరే ముందు కట్టండి అంటే రాసియ్యమను. రాసియ్యరు, మాట మారుస్తరు.

ఇంకోటి ఒరిజినల్స్. టీసీ, మెమోలు వెరిఫికేషన్ అయిపోంగనే వాపస్ అడుగుండ్రి. ఒరిజినల్స్ కాలేజీలు పట్టుకోవద్దని యూజీసీ 2018 లనే నోటిఫికేషన్ ఇచ్చింది, ఏఐసీటీఈ కూడ అదే అంటది. అయినా చానా చోట్ల బీరువాల పెట్టి ఫీజుకు లింక్ పెడ్తరు. కనీసం ప్రతిదానికి కలర్ జిరాక్స్ మూడు నాలుగు సెట్లు, ఇచ్చినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ కాయితం తీస్కో.

అటెండెన్స్ 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతది, డిటెయిన్ అయితే ఆ యేడు పోయినట్టే. మొదటి యేడు హన్మకొండ చూసి గాలికి తిరిగేటోళ్ళకు ఇది ముందే చెప్పాలె.

గోదావరిఖని_బాయి_దగ్గర

అందరు భయపెడ్తున్నరు గని నా మాట ఒకటి వినుండ్రి. 70 వేల చిన్న కాలేజి అని చేరితే ప్లేస్‌మెంట్లు ఏముంటయ్? యేడాదికి 40 వేల తేడా కోసం పిల్లగాని లైఫ్ తక్కువ చేస్తరా. అప్పు జేసైనా పెద్ద కాలేజిల చేర్పియ్యుండ్రి, కొలువు వస్తే రెండేండ్లల్ల తీరుతది.

ఈసీఈ_మూడో_యేడు

అన్నా మంచి కాలేజి అనుడు సరే, ఏ లెక్కన మంచిది? ఫీజు ఎక్కువుంటే మంచిది అనుకునుడు తప్పు, ఫీజు పెట్టేది ఫీజుల కమిటీ కాలేజి ఖర్చుల లెక్క చూసి, ప్లేస్‌మెంట్ చూసి కాదు. మా సీనియర్లను అడిగితే తెలుస్తది, బయట ఫ్లెక్సీల మీద కనవడే ప్యాకేజీలు ఒకలిద్దరివి. ఎన్‌బీఏ (కోర్సు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఉన్నదా, ఆ బ్రాంచ్ ల సార్లు ఉంటున్నరా యేటా మారుతున్నరా, గది చూడాలె. అక్కా, రెండు కాలేజీల థర్డ్ ఇయర్ పిల్లలను ఒక్కసారి గేట్ కాడ పట్టుకొని మాట్లాడు, సండే కాకుండ.

రిటైర్డ్_బ్యాంకోడు

అమ్మా, షావుకారి విషయం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసి హన్మకొండలో రిటైర్ అయ్యాను, ఇలాంటి కుటుంబాలను చాలా చూశాను.

రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు ఒకటేసారి తెస్తే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతుంది, నాలుగేళ్ళకు 2 లక్షల 88 వేలు, అసలు అలాగే ఉంటుంది. మొదటి ఏడాది కాలేజీకి కట్టేది 75 వేలే కదా, మిగతా రెండుంపావు లక్షలు ఇంట్లో పెట్టుకుని దానికి కూడా వడ్డీ కట్టడం ఎందుకు?

ఎడ్యుకేషన్ లోన్ అలా ఉండదు. 4 లక్షల లోపు లోన్‌కు పొలం కాగితాలు, ష్యూరిటీ అడగకూడదు, తండ్రి కో బారోవర్‌గా సంతకం పెడితే చాలు, మన వాటా కింద మార్జిన్ కూడా అడగరు. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే బ్యాంకు నేరుగా కాలేజీకి పంపుతుంది కాబట్టి తీసుకున్నదానికే వడ్డీ. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు కిస్తీ మొదలవదు, ఆ కాలంలో వడ్డీ బారు వడ్డీ, చక్రవడ్డీ కాదు. పది శాతం అనుకుని ఏడాదికి 75 వేల చొప్పున నాలుగు సార్లు తీసుకుంటే, ఐదేళ్ళు పూర్తయ్యేసరికి వడ్డీ లక్షా 5 వేల దగ్గర ఉంటుంది. షావుకారి దగ్గర అదే ఐదేళ్ళకు 3 లక్షల 60 వేలు. చదువుతుండగానే నెలకు ఐదారొందలైనా వడ్డీ కింద కడుతూ పోతే చివర్లో భారం తగ్గుతుంది.

కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉంటే, టెక్నికల్ కోర్సులకు ఆ కిస్తీ మొదలవని కాలం (మారటోరియం) వడ్డీ కేంద్రం కట్టే పథకం ఉంది. లోన్ ఇచ్చేటప్పుడే బ్రాంచిలో దానికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇవ్వండి. ఇంకో ప్రభుత్వ పథకం కింద సాయం వస్తుంటే కొన్నిచోట్ల అడ్డం పడుతుంది, కాబట్టి అప్లై చేయండి గానీ మీ లెక్కలో మాత్రం వేసుకోవద్దు.

పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త ఎడ్యుకేషన్ లోన్ పథకం గురించి కూడా వినే ఉంటారు. అది ర్యాంకింగుల్లో పైనున్న ఎంపిక చేసిన సంస్థలకే. మన దగ్గర ఎన్ఐటీ లాంటి చోట సీటు వస్తే పనికొస్తుంది, ప్రతి ప్రైవేట్ కాలేజీకి కాదు.

మేనేజర్ "ఇప్పుడు చూడట్లేదు, తర్వాత రండి" అంటే ఎడ్యుకేషన్ లోన్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టండి, ఆన్‌లైన్‌లో పెట్టింది కాగితం లాగా టేబుల్ కింద ఉండిపోదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగే హక్కు మీకు ఉంది. బాపుగారికి పంట లోన్ ఉన్న బ్రాంచికే ముందు వెళ్ళండి, అది రెగ్యులర్‌గా రెన్యువల్ అవుతుంటే పని తొందరగా అవుతుంది. క్రాప్ లోన్ బాకీపడి ఉంటే మాత్రం ముందు అది సరిచేసుకోండి, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోర్) చూస్తారు.

బీడీల_చాట

జగిత్యాల నుంచి. మీ అమ్మ బీడీలు చేస్తదా అక్కా? మా దిక్కు, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు ఇంటింటికి ఉంటది గని వరంగల్ వైపు తక్కువే అనుకుంట. చదివేటోళ్ళల్ల ఎవరికన్న అక్కరకస్తదని రాస్తున్న. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర లేబర్ డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్ ఉన్నది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ల పెట్టాలె. ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వాటికి యేడాదికి 25 వేలు, మామూలు డిగ్రీకి 6 వేలు. అమ్మ పేరు మీద బీడీ ఐడీ కార్డు ఉండాలె. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదని రూల్, డిగ్రీ పిల్లలు రెండు పోల్చి చూసి ఒకటి పెట్టుకోవాలె. మా ఊర్ల కార్డు ఉండి కూడ ఒక్కసారి అప్లై చెయ్యనోళ్ళే ఎక్కువ, ఎందుకంటే కార్డు పింఛన్ కే అనుకుంటరు.

నర్సంపేట_అక్క

అందరికి చానా థ్యాంక్స్. మా అమ్మ బీడీలు చెయ్యది, కూలికి పోతది. బ్యాంక్ సార్ లెక్క బాపుకు చదివి వినిపిచ్చిన, 3 లక్షల 60 వేలు అనంగనే సప్పుడు చెయ్యలేదు. క్రాప్ లోన్ రెన్యువల్ అయితనే ఉన్నది సార్, ఆ బ్రాంచ్ కే పోతం.

రెండు డౌట్లు. నాకు షాపుల నెలకు 11 వేలు వస్తయ్, అది ఇన్‌కమ్ సర్టిఫికెట్ ల కలుస్తదా? కలిస్తే మేం లిమిట్ దాటుతమేమో అని భయం. రెండోది చెల్లె పాలిటెక్నిక్ ది, దానికి కూడ ఈపాస్ పెట్టినం, ఇంకేమన్న ఉన్నదా?

మీసేవ_పక్క_నెట్_సెంటర్

నీ జీతం కలవదు అక్కా, స్కాలర్‌షిప్ కి చూసేది తల్లిదండ్రుల ఆదాయమే, సర్టిఫికెట్ బాపు పేరు మీదనే తీస్తరు. అమ్మ కూలి కూడ అండ్లనే చూపెట్టాలె. ఉన్నది ఉన్నట్టు రాపియ్యుండ్రి, కౌలు కాయితం లేకున్నా ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి అడుగుతడు.

చెల్లెకు మాత్రం మస్తుగున్నది. ఏఐసీటీఈది ప్రగతి స్కాలర్‌షిప్, ఆడపిల్లలకే, డిప్లొమా వాళ్ళకు కూడ ఉన్నది, యేడాదికి 50 వేలు. ఫస్ట్ ఇయర్ ల చేరినోళ్ళే పెట్టాలె, మీ చెల్లె ఈ యేడే అంటున్నరు కాబట్టి ఇప్పుడు పోతే మళ్ళ చాన్స్ లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్ల ఇద్దరు ఆడపిల్లల దాకా. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ల ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) నంబర్ తీసుకోవాలె, ఫోన్ లనే అయితది, ఫేస్ చూపియ్యమంటది. అప్లై చేసినోళ్ళందరికి రాదు, మెరిట్ మీద సీట్లు లెక్క ఉంటయ్, గని పాలిటెక్నిక్ ల పెట్టే ఆడపిల్లలు తక్కువ అని నా అనుభవం.

ఒక్కటి చూడాలె, ప్రగతి తీసుకుంటే ఇంకో గవర్నమెంట్ స్కాలర్‌షిప్ తీసుకోవద్దు. గవర్నమెంట్ పాలిటెక్నిక్ ల ఫీజే తక్కువ కాబట్టి ఈపాస్ తోని వచ్చేది 50 వేలకు దగ్గర కూడ రాదు, నేనైతే ప్రగతి వస్తే ఈపాస్ వదిలిపెట్టమంట. వచ్చేదాంక మాత్రం ఈపాస్ క్యాన్సిల్ చేపియ్యకు.

చెల్లెకు బస్ ఎట్లాగూ ఫ్రీ, తమ్మునికే పాస్ తియ్యాలె.

గోదావరిఖని_బాయి_దగ్గర

సరే నేను అన్నదాంట్ల అప్పు జేసైనా అన్నది వాపస్ తీసుకుంట, షావుకారి అప్పు అని నేను అనలే, లోన్ అనే ఉద్దేశం. కాలేజి విషయంల మాత్రం నా మాట మీదనే ఉన్న. ఒక్కటి అడుగుత, ఇంటర్ మార్కులు ఎన్ని? కేంద్రంది కాలేజి స్కాలర్‌షిప్ ఒకటి ఉన్నది కదా యేడాదికి 12 వేలు, మార్కులు మంచిగుంటే.

ఈసీఈ_మూడో_యేడు

అది సెంట్రల్ సెక్టార్ ది అన్నా, బోర్డుల టాప్ 20 శాతంల ఉన్నోళ్ళకు, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు. గని ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేటోళ్ళకు అది లేదు. 35 వేలు వదిలి 12 వేలు ఎవడు తీసుకుంటడు. రీయింబర్స్‌మెంట్ కు ఎలిజిబుల్ కానోళ్ళకు, అంటే ఆదాయం 2 లక్షలు దాటి నాలుగున్నర లోపు ఉన్నోళ్ళకు అది బెస్ట్, మా బావమరిది వాళ్ళది గట్లనే.

నర్సంపేట_అక్క

చెల్లె ప్రగతిది ఈ రాత్రే పెడ్తం. తమ్ముని ఆధార్ ల ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉన్నది, మీరు చెప్పినంకనే చూసినం, రేపు పోతున్నడు. కాలేజిది ఇంక తేలలేదు, శనివారం నాకు సగం రోజు సెలవు, రెండు కాలేజీల గేట్ కాడికి పోతం.

సార్ బ్యాంక్ కి పోయేటప్పుడు కాలేజి నుంచి ఏం తీసుకపోవాలె? ఫీజు రసీదు సరిపోతదా?

రిటైర్డ్_బ్యాంకోడు

రసీదు కాదమ్మా, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ళ ఫీజు స్ట్రక్చర్. అందులో రీయింబర్స్‌మెంట్ ఎంత పోను ఏడాదికి మీరు కట్టాల్సింది ఎంతో విడిగా రాయించండి, హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ కావాలంటే వాటి అంచనా కూడా అక్కడే. లోన్ శాంక్షన్ అయ్యాక "ల్యాప్‌టాప్ కూడా కావాలి" అంటే మళ్ళీ మొదటికి వస్తుంది. టెన్త్, ఇంటర్ మెమోలు, తండ్రీకొడుకుల ఆధార్, పాన్, పట్టాదార్ పాస్‌బుక్ జిరాక్స్. పాస్‌బుక్ ఒరిజినల్ ఇవ్వమంటే ఇవ్వకండి, అడగాల్సిన పని లేదు.

ఈసీఈ_మూడో_యేడు

రసీదు మీద కూడ ఒకటి చూసుకో అక్కా. కొన్ని కాలేజీలు ట్యూషన్ ఫీజు కట్టించుకొని "మిసలేనియస్" అని కొడ్తరు. గట్ల రాస్తే రేపు గవర్నమెంట్ పైసలు పడ్డంక రిటర్న్ అడిగితే "మీరు ట్యూషన్ ఫీజు కట్టనేలేదు" అంటరు. కౌంటర్ కాడ్నే చదివి, తప్పుంటే అక్కడే మార్పియ్యి.